మరిగించినా చావని విషం

నాకు ఒక మనిషి మీద పగ ఉంది. చిన్నప్పటి నుంచి ఉంది. పెద్దయ్యాక, చదువుకున్నాక, ఉద్యోగం వచ్చాక ఇలాంటివి వాటంతటవే తగ్గిపోతాయని అంటారు. నాకు తగ్గలేదు. చదువుతో దానికి ఇంకాస్త పదును వచ్చింది. నేను నంద్యాలలో ఒక ఆసుపత్రి ల్యాబులో సూక్ష్మజీవుల పరీక్షలు చేస్తాను. జనం వాంతులతో, విరేచనాలతో వస్తే వాళ్ల కడుపులోకి పోయిన క్రిమి ఏదో, అది ఏ విషం చేసిందో కనిపెట్టడం నా పని. సేవ చేద్దామని ఈ పనిలోకి వచ్చానని ఇంటర్వ్యూలో చెప్పాను. అబద్ధం. ఒకడిని పట్టుకుందామని వచ్చాను.

ఆయనది ఆళ్లగడ్డ దగ్గర మా ఊరే. పొలాలు, ఎనుములు (మా దిక్కు గేదెలను అట్లాగే అంటాం), మాటకు ఎదురులేని ఇల్లు. ఇక్కడ ఆయనను పెద్దాయన అనే రాస్తాను, ఊర్లో అందరూ అట్లాగే అంటారు కాబట్టి. నా నోటికి వచ్చే మాట వేరే ఉంది, అచ్చులో బాగుండదు.

మా అమ్మ శుభకార్యాలకు వంటలు చేసేది. నాయన పోయాక మా ఇద్దరినీ బతికించింది ఆ పనే. చుట్టుపక్కల ఊర్లలో పెండ్లయినా, బిడ్డను తొట్లెలో వేసినా అమ్మకు కబురు వచ్చేది. అన్నిటికంటే అమ్మ రాగిసంగటికి పేరు. చెయ్యి నీళ్లలో ముంచి, పొగలు కక్కే సంగటిని అరచేతిలో రెండు తిప్పులు తిప్పితే ముద్ద నున్నగా, గుండ్రంగా వచ్చి ఆకులో కూర్చునేది. ఆ వేడిని ఆమె చెయ్యి ఎట్లా ఓర్చుకునేదో నాకు ఇప్పటికీ తెలియదు. "ఆయమ్మ చెయ్యి మంచిది" అనేవాళ్లు. మా దిక్కు వంటలు చేసే ఆడమనిషికి అంతకు మించిన బిరుదు లేదు.

నేను బడికి పోయే వయసులో పెద్దాయన కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి అమ్మను పిలిచాడు. మా ఊర్లో దానికొక పద్ధతి ఉంది. కొత్త ఇంట్లో పొంగించే పాలు ఒక్క ఇంటివి కాకూడదు. ముందు రోజు సాయంత్రం పాడి ఉన్న ప్రతి ఇంటి నుంచీ చెంబెడు పాలు వస్తాయి. అన్నీ ఒకే గంగాళంలో పోస్తారు. మొదట పోసేది మాత్రం ఇంటి యజమాని ఎనుము పాలు. అట్లా కూడిన పాలను ముహూర్తం దాకా పొయ్యి మీద పెట్టకూడదు. ఒకసారి కాగిన పాలు ఎంగిలి పాలతో సమానం, అవి పొంగినా పొంగినట్టు కాదని నమ్మకం.

అమ్మ గంగాళం వైపు చూసి నసిగింది. నేను పక్కనే ఉల్లిగడ్డలు ఒలుస్తున్నాను.

"అన్నా, సాయంత్రం పిండిన పాలు. తెల్లారేదాక పచ్చివే పెడితే ఏమన్నా అయితాయేమో. ఒక పొంగు రానిచ్చి దించేస్తా."

"ఏందీ నువ్వు చెప్పేది? కాగిన పాలు ముహూర్తానికి పనికొస్తాయా? తడిగుడ్డ చుట్టి పెట్టు. నువ్వు వంట చూసుకోమ్మా, శాస్త్రం నేను చూసుకుంటా."

అమ్మ తడిగుడ్డ చుట్టింది. మాఘమాసం చలికి పాలు విరగలేదు. పొద్దున అందరూ చూస్తుండగా తూర్పు వైపుకే పొంగాయి. పెద్దాయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ పాలను అమ్మ మళ్లీ చాలాసేపు మరగబెట్టి పాయసం చేసింది. అందరూ అడిగి అడిగి వేయించుకున్నారు.

మధ్యాహ్నం కాకముందే వాంతులు మొదలయ్యాయి. తర్వాత విరేచనాలు. కొత్త ఇంటి వెనక కంపచెట్ల చాటుకు పట్టుచీరలతో పరుగులు తీసిన ఆడవాళ్లు నాకు ఇంకా గుర్తే. ఒక ముసలావిడను ట్రాక్టరులో పడుకోబెట్టి ఆళ్లగడ్డ ఆసుపత్రికి తీసుకుపోయి సెలైను పెట్టించారు. ఎవరూ చనిపోలేదు. మర్నాటికల్లా అందరూ లేచి కూర్చున్నారు, లేచి కూర్చోగానే తప్పు ఎవరిదని వెతకడం మొదలుపెట్టారు.

పెద్దాయన అరుగు మీద నిలబడి తీర్పు చెప్పాడు. "పాలు అందరి ముందర మరిగినాయి. మరిగినదాంట్లో పురుగుంటాదా? ఉండదు. అన్నం ఉడికింది, పప్పు ఉడికింది. ఇంగ ఉడకంది ఏముందప్పా ఆడ? వండిన చెయ్యి."

ఆ మాట అందరికీ సబబుగా తోచింది. అమ్మను వీధి మధ్యకు పిలిచారు. చేతులు చాపమన్నారు. గోళ్లు చూశారు. ఒకామె చెంబుతో నీళ్లు పోస్తుంటే అందరి ముందూ చేతులు రుద్ది రుద్ది కడుక్కోమన్నారు. అమ్మ కడుక్కుంది. ఆ నీళ్లు మట్టిలో పారుతుంటే పెద్దాయన కాలు వెనక్కి తీసుకున్నాడు, తగిలితే అంటుకుంటుందన్నట్టు. "దీని చెయ్యి విషం" అన్నాడు. నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఆ కాలినే చూస్తున్నాను. నా పగ పుట్టింది అక్కడే.

ఆ తర్వాత అమ్మను ఎవరూ పిలవలేదు. మేము ఆళ్లగడ్డకు మారాం. అమ్మ రాతి విగ్రహాలు చెక్కే షెడ్డులో, చెక్కిన బొమ్మలకు నీళ్లు పోసి రుద్దే పనికి కుదిరింది. రోజంతా ఉలి చప్పుడు, రాతిపొడి. దేవుళ్ల ముఖాలు ముట్టుకోవడానికి ఆ చెయ్యి పనికొచ్చింది, మనుషులకు అన్నం పెట్టడానికే పనికిరాలేదు.

అమ్మ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఒక్కటి మాత్రం మారింది. అన్నాన్ని చేత్తో తాకడం మానేసింది. ఉప్పు కూడా చెంచాతోనే వేసేది. సంగటిని గంటెతో తీసి నా తట్టలో, అదే కంచంలో, వేసేది. గంటెతో వేస్తే ముద్ద రాదు. పెళ్ల పెళ్లలుగా పడుతుంది. నేను అన్నాళ్లూ ఆ పెళ్లలే తిన్నాను. "చేత్తో పెట్టు మా" అని అడిగితే, "వద్దులే పాపా, ఏమో" అనేది. ఆ ఏమో అన్న మాట నన్ను కాల్చేది. తన చెయ్యి మంచిదో చెడ్డదో ఆమెకే నమ్మకం పోయింది. పెద్దాయన తీసుకుపోయింది పని ఒక్కటే అయితే నేను ఎప్పుడో వదిలేసేదాన్ని.

పైచదువులో ఒకరోజు ఆ క్రిమి నాకు దొరికింది. పేరు స్టాఫైలోకాకస్. సూక్ష్మదర్శినిలో చూస్తే ద్రాక్షగుత్తిలా ఉంటుంది. కలరా క్రిమి లాంటివి మన పేగులోకి పోయి, అక్కడ పాగా వేసి, అప్పుడు విషం చేస్తాయి. దీనికి అంత ఓపిక లేదు. పాలలోనో కోవాలోనో కూర్చుని ముందే వండి పెట్టేస్తుంది. తిన్న కొద్ది గంటలకే మనిషి కూలబడతాడు. నేను పుస్తకం మీదికి వంగి చదివిన తర్వాతి వాక్యం ఇది: మరిగిస్తే క్రిమి చస్తుంది గానీ అది చేసిన విషం చావదు. మా ఊరి తీర్పంతా ఆ ఒక్క వాక్యం ముందు కూలిపోయింది. మరిగినదాంట్లో ఏముంటుందని అడిగాడు కదా, ఇదిగో ఇది ఉంటుంది.

ఎగిరి గంతేయబోయాను. అదే పేజీలో కింద ఇంకో వాక్యం ఉంది. ఈ క్రిమి ఆహారంలోకి ఎక్కువగా వచ్చేది వంటవాళ్ల చేతుల నుంచి, ముక్కు నుంచి.

పుస్తకం కూడా పెద్దాయన వైపే మాట్లాడింది. మూసేశాను. ఆ రోజు హాస్టల్లో అన్నం తినలేదు.

ఉద్యోగం వచ్చాక కూడా అమ్మ చేతిని పరీక్ష చేసే ధైర్యం నాకు కలగలేదు. దూదిపుల్ల ఒక్కసారి తిప్పితే చాలు. ల్యాబులో రోజూ ఎవరెవరివో తిప్పుతాను. ఆళ్లగడ్డకు పోయిన ప్రతి ఆదివారం సంచిలో పుల్లలు పెట్టుకునేదాన్ని, అట్లాగే తిరిగి తెచ్చేదాన్ని. ఆ చేతిలో క్రిమి కనపడితే అప్పుడు నేను ఎవరి మీద పగ పెట్టుకోవాలి?

ఈ మధ్యనే ఒక పొద్దున మా ఆసుపత్రి వార్డు ఒక్కసారిగా నిండింది. నంద్యాలలో కొత్తగా వెలిసిన కాలనీలో ఒక గృహప్రవేశం. పొద్దున ఫలహారం, పాయసం తిన్నవాళ్లు మధ్యాహ్నానికి బకెట్లు పట్టుకుని వచ్చారు. వైద్యాధికారి నన్ను, ఆరోగ్య సిబ్బందిని నమూనాలు తెమ్మని ఆ ఇంటికి పంపాడు. గేటు ముందు పందిరి ఇంకా తీయలేదు. పందిరి కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు పెద్దాయన. జుట్టు తెల్లబడింది, మీసం అట్లాగే ఉంది. ఇల్లు ఆయన కొడుకుది. నన్ను గుర్తుపట్టలేదు. అమ్మ కొంగు పట్టుకున్న పిల్లను ఆయన అప్పుడైనా చూసి ఉంటే కదా.

ఆయన ఎదురుగా డోన్ నుంచి వచ్చిన వంటమాస్టరు నేల మీద కూర్చుని ఉన్నాడు. అతని వంటపాత్రలన్నీ ఇంట్లో పెట్టి తాళం వేశారు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది, అప్పటికే ఎవరో చెయ్యి చేసుకున్నారు.

"నేనేం చేయలేదు సార్, అన్నీ బాగా మరగబెట్టినా" అంటున్నాడు.

"మరిగినదాంట్లో ఏముంటాదిరా? చేతులు కడగకుండా వండుంటావ్" అన్నాడు పెద్దాయన.

అదే మాట. అన్నేళ్లకు అదే నోటి నుంచి. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు, ఈయనకు తాగించే చెంబు నా చేతికే వచ్చిందని అనుకున్నాను. పైకి మాత్రం, "పాలు యాడివి?" అని అడిగాను.

"యాడివి ఏంది? మా ఊర్నుంచి మా ఎనుము పాలు. నిన్న సాయంత్రం పిండి క్యాన్లలో తెచ్చినాం. ప్యాకెట్ పాలతో పొంగిస్తారా ఎవరన్నా?"

"తెచ్చి కాగబెట్టినారా?"

"ముహూర్తానికి ముందర ఎట్ల కాగబెడతాం మా?" చదువుకున్నదానివి ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాడు.

మిగిలిన పాయసం తీసుకున్నాను. ఒక క్యాను అడుగున పచ్చిపాలు ఇంకా ఉన్నాయి, ఎవరూ కడగలేదు. అవీ తీసుకున్నాను. వంటమాస్టరు చేతులు, ముక్కు దూదిపుల్లతో తుడిచాను. అతను చేతులు వెనక్కి లాక్కోబోయాడు. "భయపడాకు అన్నా" అన్నాను. మర్నాడు పశువైద్యుడితో కలిసి మా ఊరికి పోయి ఎనుము పొదుగు చూశాం. ఒక పక్క వాచి ఉంది, పైన పసుపూ సున్నమూ కలిపి పట్టించారు. ఆ చన్ను నుంచి కూడా పాలు తీసుకున్నాం.

తిరిగి వస్తూ ఆళ్లగడ్డలో దిగి ఇంటికి పోయాను. అమ్మకు జరిగింది చెప్పాను. పెద్దాయన అన్న మాటతో సహా చెప్పాను. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని నా ముందర చాపింది, అప్పుడు వీధిలో చాపినట్టే.

"చూడు పాపా. నువ్వు ఎప్పుడన్నా చూస్తావేమో అని కాచుకోనుండా. నువ్వు సంచిలో పుల్లలు తెచ్చుకుంటాండేది నాకు తెలుసు."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే తుడిచాను. అరచేతులు, గోళ్ల సందులు, ముక్కు. రాయి రుద్ది రుద్ది ఆ చేతుల మీద గీతలు కూడా అరిగిపోయాయి.

ల్యాబులో ఆ క్రిమి కోసం ఉప్పు దండిగా వేసిన ఒక ఎర్రటి జిగురు పళ్లెం వాడతాం. అంత ఉప్పులో వేరే క్రిములు సాధారణంగా బతకలేవు, ఇది బతికి చుట్టూ పసుపురంగు చేస్తుంది. పాయసం పోసిన పళ్లెంలో ఏమీ పెరగలేదు. మామూలు ల్యాబు అయితే అక్కడే ఆపి, పాయసంలో ఏమీ లేదని రాసి పంపేది, తప్పు మళ్లీ వంటవాడి చేతి మీదికే పోయేది. పెద్దాయన మళ్లీ గెలిచేవాడు. నేను ఆ పాయసంలో క్రిమిని కాకుండా విషాన్నే వెతికే కిట్టు తీశాను. గీత వచ్చింది. విషం ఉంది. చేసినవాడు చచ్చాడు, చేసిన పని మిగిలింది.

క్యాను పాల పళ్లెం మొత్తం పసుపైపోయింది. పొదుగు పాలదీ అంతే. వంటమాస్టరు పళ్లెంలో ఏదీ లేదు. అమ్మ చేతుల పళ్లెం కూడా శుభ్రంగా ఉంది. అమ్మ ముక్కు పళ్లెం తీశాను. పసుపు.

ఈ క్రిమి చాలామంది ముక్కుల్లో ఊరికే కాపురం ఉంటుందని నాకు తెలుసు. తెలిసినా కూర్చుండిపోయాను. కంటితో చూస్తే అమ్మ క్రిమికీ ఎనుము క్రిమికీ తేడా లేదు. తేడా ఉంటే లోపల ఉండాలి, జన్యువులో. విషం వండడం ప్రతి స్టాఫైలోకాకస్‌కూ రాదు. ఆ విద్య ఉన్న జన్యువు కొన్నిటికే ఉంటుంది. అది కూడా చాలాసార్లు సొంతది కాదు, ఎప్పుడో ఏదో వైరస్ మోసుకొచ్చి పెట్టిపోయినది. ఆ జన్యువు లేని క్రిమి ముక్కులో ఉన్నా, పాలలో పడినా, ఈ విషం మాత్రం చేయలేదు.

అన్నిటి నుంచీ జన్యుపదార్థం తీసి, ఆ ఒక్క జన్యువునే వెతికి పెద్దది చేసే యంత్రంలో పెట్టాను. యంత్రం తిరుగుతున్నంతసేపూ నేను ఏ దేవుడికీ మొక్కలేదు. పెద్దాయన ముఖమే తలుచుకున్నాను. ఆ జన్యువు ఉంటే గీతగా చూపించే జెల్ పలకను తీసి దీపం మీద పెట్టాను. పొదుగు వరుసలో తెల్లటి గీత. క్యాను వరుసలో అదే గీత, అదే ఎత్తులో. అమ్మ వరుస ఖాళీ.

నేను ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. గట్టిగా నవ్వాను. అవతలి గదిలో పనిచేసే ఆయన వచ్చి ఏమైందని అడిగాడు. "మా అమ్మ చెయ్యి మంచిది" అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు.

వైద్యాధికారి ఆ ఇంటివాళ్లకు విషయం చెప్పి రమ్మన్నప్పుడు నేనే పోతానన్నాను. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన చుట్టాలంతా పందిరి కింద ఉన్నారు. వంటమాస్టరు పాత్రల కోసం గేటు బయటే తిరుగుతున్నాడు. లోపలికి పిలిచి, అందరూ వినేటట్టు చెప్పాను. వాచిన పొదుగులో ఏముందో, పచ్చిపాలు అంతసేపు నిలవ ఉంటే ఏమవుతుందో, మరిగిస్తే ఏది చస్తుందో ఏది చావదో. ఈయన చేతిలో ఏ తప్పూ లేదన్నాను.

పెద్దాయన ఒప్పుకోలేదు. "మా ఎనుముకు ఏం రోగం లేదు. ఎవరికన్నా చెప్పు పో" అన్నాడు. నేను అప్పటికి ఎనుముకు రోగమని అనలేదు, పొదుగు వాపు అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వరస.

అప్పుడు చెప్పాను. నేను ఎవరి కూతురినో చెప్పాను. ఆ పాత గృహప్రవేశం, ఆ గంగాళం, వీధిలో చెంబుతో పోసిన నీళ్లు, ఆయన వెనక్కి తీసుకున్న కాలు. నా గొంతు పైకి లేచింది, దించుకోవాలని అనిపించలేదు. చెప్పి నిలబడ్డాను. అయితే లోపల ఒక భయం ఉంది. శాస్త్రం ప్రకారం ఇప్పటి ఎనుము పాలు అప్పటి పాపానికి సాక్ష్యం కావు. అమ్మ ముక్కులో ఇప్పుడు లేనిది అప్పుడు లేదని ఏ యంత్రమూ చెప్పదు. ఆ సంగతి ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆయన అడగలేదు. ఆయన భార్య లేచింది. ఆమె మనవడు సెలైను ఎక్కించుకుని వచ్చి, ఇంకా తేరుకోక ఆమె ఒళ్లో పడుకుని ఉన్నాడు. పిల్లవాడిని పక్కన పడుకోబెట్టి మరీ లేచింది.

"అప్పుడు కూడా ఎనుము పొదుగు వాచిండె" అంది. "పాలు పిండింది నేను. పాలల్లో పెళ్లలు వస్తాండాయి, ఇవి పోయొద్దు అని చెప్పినా. మన ఇంటి పాలు ముందర పోయకుంటే ఊర్లో తల యాడ పెట్టుకోవాల అన్నావ్. గుడ్డతో వడగట్టి పోయించినావ్. ఆయమ్మ చేతులు కడిగించినప్పుడు నేను ఆడనే ఉండా. నోరు మూసుకోనుంటి. ఇప్పుడు నా మనవడు సచ్చి బతికినాడు, ఇంగ మూసుకోను."

పెద్దాయన మింగలేక కక్కలేక కూర్చున్నాడు. వంటమాస్టరు పాత్రలకు తాళం తీసింది కూడా ఆమే. నాకు ఆ క్షణం ఎంత బాగుందో చెబితే మీరు నన్ను మంచిదాన్ని అనుకోరు. అనుకోకండి.

"మా అమ్మ ఆళ్లగడ్డలోనే ఉంది. ఆదివారం వచ్చి, ఆమె చేతి ముద్ద తినిపో. వీధిలో అందరూ చూడాల" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన భార్య, "పోయి తినే దాక నా చేతి కూడు నీకు లేదు" అంది.

ఆదివారం వచ్చారు, భార్యాభర్తలిద్దరూ. నేను వీధిలో ప్రతి ఇంటికీ చెప్పాను, షెడ్డులో పనిచేసేవాళ్లకూ చెప్పాను. తలుపులు బార్లా తెరిచి, గడప అవతల జనాన్ని నిలబెట్టాను. పొద్దున్నే అమ్మకు జెల్ మీద గీతలు ఫోనులో చూపించి, ఖాళీ వరుస నీదేనని చెప్పాను. అమ్మ ఆ ఖాళీని వేలితో ముట్టుకుంది. తర్వాత లేచి పొయ్యి వెలిగించింది. సంగటి, కోడిపులుసు. తెడ్డు తిప్పుతుంటే ఆమె మోచేతులు పాత రోజుల్లో లాగే ఆడాయి.

పెద్దాయనకు ఆకు వేసింది. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. గడప అవతలి నుంచి అందరూ చూస్తున్నారు. ఆయన అమ్మ ముఖం చూడకుండానే అన్నాడు.

"తప్పు నాదేమ్మా. అందరి ముందర నిన్ను అట్ల చేసుండకూడదు. నీ చేత్తో ఒక ముద్ద పెట్టు, తింటా."

ఇన్నేళ్లూ నేను కలగన్నది ఇదే. అమ్మ చెయ్యి, ఆ చేతి ముద్ద, ఆయన నోరు, చూసే జనం. అమ్మ కరిగిపోతుందనీ అనుకున్నాను, ఆమె మెత్తటి మనిషి.

అమ్మ గంటె తీసుకుంది. సంగటిని గంటెతో తవ్వి ఆయన ఆకులో వేసింది. పెళ్లలుగా పడింది. ఇంకో గంటె వేసింది. పులుసు పోసింది.

"చేత్తో..." అన్నాడాయన.

"ఎందుకప్పా? నీకు గంటె చాలు. నా బిడ్డ ఇన్నేళ్లూ గంటెతోనే తినింది, నువ్వూ తిను" అంది అమ్మ. గొంతు పెంచలేదు. జనం అందరికీ వినపడింది.

ఆయన తిన్నాడు. ఒక్కో పెళ్లా ఏరుకుని తిన్నాడు. ఆయన భార్య కూడా తన ఆకులో పడిన పెళ్లలు మాట్లాడకుండా తినింది.

వాళ్లు చెయ్యి కడుక్కోవడానికి లేచాక అమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. గంటెను పొయ్యి పక్కన పెట్టేసింది. గిన్నెలో నీళ్లు తీసుకుని కుడిచెయ్యి ముంచింది. వేడి సంగటిలో చెయ్యి పెట్టి, అరచేతిలో రెండు తిప్పులు తిప్పి నా తట్టలో పెట్టింది. ముద్ద నున్నగా, గుండ్రంగా వచ్చింది. బొటనవేలితో మధ్యలో గుంత చేసి అందులో నెయ్యి పోసి, "తిను పాపా, చల్లారిపోతాది" అంది.